పదకొండో పార్ట్

“మొత్తం ఎన్ని పార్టులు?” అని అడిగాను.

బల్లకు అవతల కూర్చున్నవాడు తలెత్తి చూశాడు. రాత్రంతా నిద్ర లేని కళ్ళు.

“పార్టులేంటి సార్?”

“సినిమా లీక్ చేసింది నువ్వే కదా. ఎన్ని ముక్కలు చేసి పెట్టావు?”

“ముక్కలేం లేవు. ఒకటే ఫైలు, రెండున్నర జీబీ. నేనే పెట్టాను. ఇన్‌స్పెక్టర్ గారికి రాసిచ్చేశాను కూడా.”

అబద్ధం చెప్పడం చేతకానివాడు అబద్ధం చెబుతుంటే నాకు కోపం రాదు, జాలేస్తుంది. జేబులో ఉన్న కాగితం బయటికి తియ్యలేదు. అందులో పదకొండు పార్టులున్నాయి.

ఇతను ఒక సినిమాకి అసిస్టెంట్ ఎడిటర్. శుక్రవారం విడుదల కావలసిన ఆ సినిమా మంగళవారం సాయంత్రం నాలుగూ పన్నెండుకి ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమైంది. అగ్గిపెట్టెంత బొమ్మ, గరగరమనే సౌండు. కానీ అది సస్పెన్స్ సినిమా. హంతకుడెవరో రాత్రికల్లా అందరికీ తెలిసిపోయింది. ఇక టికెట్ కొనుక్కుని చూసేదెవరు? సగం థియేటర్లు అప్పుడే చేతులెత్తేశాయి. ఎడిటింగ్ రూములో ప్రతి కాపీలోనూ ఒక్కో చోట ఒక షాటు తేడాగా పెడతారు, ఎవరి చేతిలోని కాపీ బయటికి పోయిందో తెలియడానికి. ఆ తేడాని బట్టి పోయింది మూడో కాపీ అని తేలింది. మూడో కాపీ ఇతని దగ్గరుండేది. అర్ధరాత్రి పట్టుకెళ్ళారు, ఐదు నిమిషాల్లో ఒప్పుకున్నాడు.

ఈ రోజు బుధవారం. పొద్దున ఎనిమిదింటికి ఇతని అన్న నా డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చాడు. సెల్‌ఫోన్లు రిపేరు చేసే మనిషి. ఒకప్పుడు మెమరీ కార్డుల్లో పాటలు, సినిమాలు ఎక్కించేవాడని మార్కెట్‌లో అందరూ అతన్ని కార్డన్న అంటారు. నేను కుర్చీ చూపిస్తే చూడలేదు. చేత్తో తడిమి వెనక చెక్క దొరికాక కూర్చున్నాడు. నా విజిటింగ్ కార్డు ఇస్తే కంటికి మూడు వేళ్ళ దూరంలో పెట్టుకుని, కార్డుని పక్కకి జరుపుకుంటూ ఒక్కో అక్షరం చదివాడు. కంట్లో ప్రెజర్ వల్ల చుట్టూ చూపంతా పోయిందట. గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య కొంచెం మాత్రం మిగిలింది. అది నిలబెట్టడానికి రేపు ఉదయం ఎనిమిదింటికి ఆపరేషన్. ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది, మూడోసారి వాయిదా పడితే ఇక చెయ్యడానికి ఏమీ ఉండదని డాక్టర్ చెప్పేశాడు.

“నా తమ్ముడు ఇలాంటి పని చెయ్యడు సార్. ఎవరు చేశారో మీరు కనిపెట్టండి. వాడు ఇంటికొచ్చేదాకా నేను ఆ బల్ల ఎక్కను” అని తేల్చి చెప్పి వెళ్ళాడు.

తమ్ముడు ఇప్పుడు నా చేతి గడియారం వైపు చూస్తున్నాడు.

“టైమెంత సార్?”

“పదకొండున్నర. ఇప్పటికి మూడుసార్లు అడిగావు. ఎక్కడికైనా వెళ్ళాలా?”

నవ్వలేదు. “రేపు అన్నని ఆస్పత్రికి మీరు తీసుకెళ్ళండి. నేను ఒప్పుకున్నానని మాత్రం చెప్పకండి. బెయిల్ వచ్చేస్తుందని చెప్పండి. ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్తే పదకొండుకి బయటికి పంపుతారు. ఆ తర్వాత నన్నేం చేసుకున్నా సరే.”

“నిన్న నాలుగూ పన్నెండుకి ఎక్కడున్నావు?”

“రూములో.”

“తొమ్మిదీ యాభైకి లోపలికెళ్ళావు, ఏడూ ఇరవైకి బయటికొచ్చావు. రిజిస్టర్ చూశాను. మీ ఫోన్లన్నీ వాచ్‌మన్ పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. లోపల ఇంటర్నెట్ లేదు. మరి గాల్లోంచి పెట్టావా?”

“టైమర్ పెట్టాను.”

“ఎందుకు లీక్ చేశావు?”

ఈ ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకోలేదు పాపం. “ఊరికే” అన్నాడు.

ఎవరినో కాపాడుతున్నాడు. ఎవరినో అప్పుడే తట్టి ఉండాల్సింది. తట్టలేదు, ఎందుకంటే నా బుర్ర అప్పటికే జేబులోని కాగితం దగ్గర చిక్కుకుపోయింది.

ఆ కాగితం ఇచ్చింది ఇన్‌స్పెక్టరే, లోపలికి వెళ్ళేముందు, నా మొహం మాడుతుందేమో చూడటానికి. అతనూ నేనూ పోలీసుల్లో ఒకే బ్యాచ్. ఆరేళ్ళ కిందట నేను ఉద్యోగం వదిలేశాను, అతను పైకెళ్ళాడు. సినిమా లీకైన వెబ్ పేజీని నిర్మాత మనుషులు నిన్న ఐదింటికి తీసిన ఫొటో అది. చూడగానే పోల్చుకున్నాను. తెల్లటి పేజీ, నీలం రంగు లింకులు, పైన చిన్న గువ్వ బొమ్మ. గువ్వ సైటు!

ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు పన్నెండు మందికి కలిపి ఒక్కటే కలర్ ఫోను ఉండేది, అది ఈ ఇన్‌స్పెక్టర్‌దే. గువ్వలోంచి సినిమా దించుకునేవాళ్ళం. ఒక్కో పార్ట్ దిగడానికి గంట పట్టేది. మధ్యలో ఇంటి నుంచి ఫోనొస్తే దిగిందంతా పోయి మళ్ళీ మొదటికొచ్చేది. ఫోన్ చేసినవాళ్ళని అందరం కలిసి తిట్టుకునేవాళ్ళం. దుప్పటి కింద ఐదు తలలు, రెండంగుళాల తెర. హీరో ఎవరో విలన్ ఎవరో చొక్కా రంగుని బట్టి గుర్తుపట్టాలి. ఒక సినిమాకి ఏడో పార్ట్ ఎంతకీ దొరకలేదు. అందులో ఏం జరిగి ఉంటుందో ఈ ఇన్‌స్పెక్టరే నెల రోజులు రోజుకో రకంగా కథ అల్లి చెప్పాడు. ఆ కథ అసలు సినిమా కంటే బాగుండేది. నేను ఆ రోజుల్లో ఉన్నంత సంతోషంగా మళ్ళీ ఎప్పుడూ లేను. మేం చూసేది దొంగ సరుకని పన్నెండు మంది కాబోయే పోలీసుల్లో ఒక్కడికీ తోచలేదు.

ఆ ఫోన్లలో ఒక రోగం ఉండేది. ఏ పార్ట్ అయినా చివరి పది సెకన్లు ఆడదు, బొమ్మ బిగుసుకుపోతుంది. అందుకని గువ్వవాళ్ళు ప్రతి పార్ట్ చివరి పది సెకన్లనీ తరవాతి పార్ట్ మొదట్లో మళ్ళీ పెట్టేవాళ్ళు. ఇంకే సైటువాడూ అంత శ్రద్ధ తీసుకునేవాడు కాదు.

ఇన్‌స్పెక్టర్ గదిలోకి వెళ్ళేసరికి టీ తాగుతున్నాడు.

“ఏమన్నాడు మీవాడు?”

“నువ్వు చెప్పమన్నదే అన్నాడు.”

“నేనేం చెప్పమనలేదు. గువ్వ సైటు అన్నానో లేదో, నేనే చేశాను అని ఏడ్చాడు. కాపీ వాడిది. సైటు రిజిస్ట్రేషన్ వాడి పేరు మీదుంది. అప్‌లోడ్ అయింది వాళ్ళింటి కనెక్షన్‌లోంచి. ఇంకేం కావాలి నీకు, వీడియోనా?”

“ఈ పార్టులు తెరిచి చూశావా అసలు?”

“ఎందుకు? హంతకుడెవరో నాకూ తెలుసు, మా ఆవిడ చెప్పింది.”

ఆ వెటకారానికి ఒళ్ళు మండింది. అక్కడే నోరు మూసుకుని లేచి రావాల్సింది. ఆరేళ్ళుగా ఇతని పేరు పేపర్లో చూసి చూసి పేరుకున్న అక్కసు నాకు ఉంది. గెలవాలనిపించింది.

“నీ ముద్దాయికి పార్టులు పదకొండని కూడా తెలీదు. ఒకటే ఫైలంటున్నాడు. పెద్ద సైట్లలో తిరుగుతున్న పార్టులు పొద్దున నేను తెరిచి చూశాను. నూట డెబ్బై ఆరు బై నూట నలభై నాలుగు సైజు. ఈ రోజుల్లో ఎవడికి కావాలి ఆ పాత బటన్ల ఫోన్ల సైజు? ప్రతి పార్ట్ మొదట్లో పది సెకన్లు రిపీట్. గుర్తొచ్చిందా? ఈ ముక్కలు కోసింది పాత చెయ్యి. సైటు రిజిస్టరైన నాటికి మీ ముద్దాయి తొమ్మిదో క్లాసు. లాగు వేసుకునేవాడు సైటు నడిపాడా?”

ఇన్‌స్పెక్టర్ టీ గ్లాసు కింద పెట్టాడు.

“పాత చెయ్యి” అన్నాడు మెల్లగా. తరవాత, “ఏడో పార్ట్ చివరికి దొరకనే లేదు కదరా మనకి” అన్నాడు.

ఆ ‘రా’కి నేను మెత్తబడ్డాను కూడా. గెలిచానన్న ధీమాతో మెట్లు దిగాను. వీధి చివరికి వచ్చాక నేనేం వాగానో అర్థమైంది. ఆ ఇంట్లో ఉన్న పాత చెయ్యి ఒక్కటే, కార్డన్నది. ఆటో పిలిచి మార్కెట్‌కి పోనిమ్మన్నాను.

అయితే పొద్దున చెయ్యాల్సిన పని ఇంకొకటి మిగిలి ఉంది. దారిలో ఆస్పత్రికి వెళ్ళి డాక్టర్‌ని కలిశాను. వాయిదా వేస్తే ఎంత టైముందని అడిగాను. “చూపు విషయంలో టైము ఆల్రెడీ అయిపోయింది. రేపు చేసేది ఉన్నది పోకుండా” అన్నాడాయన. అక్కడే గంటన్నర పోయింది. షాపు చేరేసరికి మూడుంపావు.

కార్డన్న షాపు కాంప్లెక్సు సెల్లార్‌లో చివరిది. వెనక గదిలోనే అన్నదమ్ముల కాపురం. షటరు సగం దించి ఉంది, వంగి లోపలికి వెళ్ళాను. కౌంటర్ మూలలకి స్పాంజి ముక్కలు అంటించి ఉన్నాయి. స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, సోల్డరింగ్ ఐరన్, అన్నిటికీ దారాలు కట్టి మేకులకి వేలాడదీశాడు. తడిమితే దొరకాలి మరి. గాజు కింద రంగు వెలిసిన అట్టముక్క మీద ‘పాటలు, సినిమాలు, రింగ్‌టోన్లు ఎక్కించబడును’ అని రాసి ఉంది. మూలన పాత కంప్యూటర్, దాని మీద గుడ్డ. గుడ్డ మీద దుమ్ము లేదు.

“మీరేనా సార్? అడుగుల చప్పుడుకి పోల్చుకున్నా. ఏమైనా తెలిసిందా?”

“గువ్వ ఎవరిది?”

మొహంలో మొదట భయం, వెంటనే ఎక్కడిదో వెలుగు. “మీకు గువ్వ తెలుసా సార్?”

“నా యవ్వనమంతా అందులోనే పోయింది. నీదేనా?”

“నాదే. సిగ్గేసి పొద్దున చెప్పలేదు. అది దొంగపనే కదా. తమ్ముడు ఎడిటింగ్‌లో చేరిన రోజే సినిమాలన్నీ తీసి పారేశా. వాడు రాత్రీ పగలూ కూర్చుని చేసేదాన్ని నేను దొంగిలించడమేంటని. ఇప్పుడు అందులో నాలుగు వాల్‌పేపర్లు తప్ప ఏం లేవు. అయినా మూసెయ్యడానికి మనసొప్పక ఏటేటా రెన్యూ చేయిస్తున్నా.”

“తమ్ముడి పేరు మీద ఎందుకు పెట్టావు?”

“అప్పుడు ఇంట్లో ఈమెయిల్ ఉన్నది వాడొక్కడికే.”

అతని చొక్కా జేబులోంచి బటన్ల ఫోను తొంగిచూస్తోంది. పదిహేనేళ్ళ నాటి మోడల్. “అందులో ఏముంది?” అని అడిగాను.

చెయ్యి జేబు మీదికి పోయింది. 

“ఎవరికీ చెప్పనంటే చెప్తా. వాడి ఉద్యోగం పోతుంది” అని మొదలుపెట్టాడు. “ఆదివారం వాడు సినిమా ఇంటికి తెచ్చాడు. తేకూడదు, తెలుసు. రేపు ఆపరేషన్ ఎలా అవుతుందో, ఈలోపు తెర మీద వాడి పేరు నేను చూడాలని. ఈ కంప్యూటర్లోనే వేశాడు. అంత పెద్ద తెర నా కంటికి ఆనదు సార్. ముక్కు కనపడితే నోరు కనపడదు. చివర్లో పేర్లు కింద నుంచి పైకి పరిగెడుతుంటే ఒక్కటీ దొరకలేదు. ‘చూశావా అన్నా?’ అన్నాడు. చూశాను అన్నా. ఇంకేం అంటాను?”

“అందుకని?”

“ఈ చిన్న తెరయితే కంటి ముందు పెట్టుకుంటే మొత్తం పడుతుంది. నాకిప్పుడు ఇదొక్కటే పడుతుంది. వాడు స్నానానికి వెళ్ళినప్పుడు కాపీ చేసుకున్నా. సోమవారం పొద్దున మన పాత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే మర్నాడు మధ్యాహ్నానికి పార్టులు కోసింది. కానీ ఫోనుకి కేబుల్ పిన్ను పోయింది, కార్డేమో లోపలే ఇరుక్కుంది. నా కళ్ళు బాగుంటే పది నిమిషాల పని. అందుకే పాత పద్ధతి. సైటులో నా సొంత ఫోల్డర్‌లో పెట్టి, ఫోన్‌లోకి దించుకున్నా. ఆ ఫోల్డర్ ఇంకెవరికీ కనపడదు. దించుకోగానే ఆరూ నలభైకి తీసేశా.”

“పెట్టింది ఎన్నింటికి?”

“నాలుగు దాటింది. ఎందుకు సార్? లీకైంది ఏవో పెద్ద సైట్లలో కదా. టీవీలో చెప్పారు.”

 జేబులోంచి కాగితం తీసి అతని చేతిలో పెట్టాను. అది నేను చెయ్యకుండా ఉండాల్సింది, కానీ అతనే కదా నన్ను కనిపెట్టమన్నది.

కాగితాన్ని కంటికి ఆనించి జరుపుకుంటూ చదివాడు. గువ్వ బొమ్మ దాటాడు. ‘కొత్తవి’ అన్న మాట దగ్గర ఆగాడు. దాని కింద పార్ట్ ఒకటి, పార్ట్ రెండు అంటూ పెదాలు కదిలాయి.

“ఇది మొదటి పేజీ సార్. నా ఫోల్డర్‌లోవి మొదటి పేజీకి ఎలా వచ్చాయి?”

“నిరుడు సైటు కంపెనీవాళ్ళు సర్వర్ మార్చారట, దాంతో దాచినవి కూడా అందరికీ కనపడుతున్నాయి. సెట్టింగులు మళ్ళీ పెట్టుకోమని వాళ్ళు మెయిల్ పంపారు. ఆస్పత్రిలో కూర్చుని ఫోన్ చేసి కనుక్కున్నాను.”

“ఏ మెయిల్‌కి?”

“నీ తమ్ముడిది, తొమ్మిదో క్లాసు నాటిది.”

ఆ మెయిల్ ఎవరూ తెరవరు. ఇతను నేరుగా ఫోల్డర్‌లోకి వెళ్ళేవాడే తప్ప మొదటి పేజీ చూసి ఏళ్ళయింది. కాగితం అడుగున ‘ఈ రోజు వచ్చినవారు’ అన్నచోట అతని కన్ను ఆగిపోయింది.

“ముగ్గురా? నెలలకి నెలలు ఒక్కడూ రాడు సార్. ఎవరైనా వస్తారేమోనని రోజూ చూసేవాణ్ణి మొదట్లో. నిన్ననే రావాలా ముగ్గురు? వాళ్ళలో ఎవడో పెద్ద సైట్లకి ఎక్కించేశాడు.”

స్టూలు కోసం తడిమాడు. నేనే పట్టుకుని కూర్చోబెట్టాను. 

“వాడికి తెలిసిపోయింది. గువ్వ అనగానే తెలిసిపోయుంటుంది. ఒప్పుకున్నాడా సార్?”

“ఒప్పుకున్నాడు. రేపు పదకొండు దాకా నీకు తెలియనివ్వొద్దన్నాడు.”

అతను ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. నేను పక్కన కూర్చుని గబగబా చెప్పాను. “నా మాట విను. రేపు ఆపరేషన్ చేయించుకో. బయటికి రాగానే నేనే నిన్ను కోర్టుకి తీసుకెళ్తాను. జరిగింది జరిగినట్టు చెప్పు. మూడు గంటలు ఆలస్యమైతే కొంపలేం మునిగిపోవు. నీ తమ్ముడు ఇంత చేసింది ఆ మూడు గంటల కోసమే.”

తల ఊపాడు. “పదకొండుకి మీరు గుమ్మం దగ్గరే ఉండాలి” అన్నాడు. సరేనన్నాను. ఆ క్షణంలో నాకు కొంచెం ఆశ కూడా కలిగింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. షటరు పూర్తిగా పైకి లేచింది. ఇన్‌స్పెక్టర్, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు.

“పాత చెయ్యి ఎవరిదో చూసిపోదామని” అన్నాడు నాతో. “నువ్వు చెప్పకపోతే రేపు తమ్ముణ్ణే కోర్టులో నిలబెట్టేసేవాణ్ణి. థాంక్స్.”

కార్డన్న నా వైపు తిరిగాడు. నేనున్న చోటుకి కాదు, కొంచెం పక్కకి. ఆ మొహం చూసి భూమిలోకి కుంగిపోతే బాగుండనిపించింది.

“రేపు పొద్దున ఎనిమిదింటికి ఇతనికి కంటి ఆపరేషన్” అన్నాను. “పదకొండు దాకా ఆగు. నీ కాళ్ళు పట్టుకుంటాను. అక్కడ గుమ్మంలో నీ మనుషుల్నే కాపలా పెట్టుకో.”

“ఐదింటికి ప్రెస్‌మీట్. పైనుంచి ఇప్పటికి నాలుగు ఫోన్లు. అసలు ముద్దాయి దొరికాక వదిలేసి వెళ్ళానంటే నా ఉద్యోగం ఉంటుందా?”

“తమ్ముణ్ణి వదిలేస్తారు కదా సార్?” అన్నాడు కార్డన్న.

“కాపీ బయటికి తెచ్చింది అతనే కదా. ఏ టూ, రెండో ముద్దాయి.”

అంటే ఇద్దరూ లోపలే. నా చేతిలోని కేసు అక్కడితో తెల్లారిపోయింది.

కార్డన్న లేచాడు. జేబులోంచి ఫోను తీసి నా చేతికిచ్చాడు. “ఒక్క పని చేసిపెట్టండి సార్. పదకొండో పార్ట్. చివర్లో తమ్ముడి పేరు వస్తుంది. నిన్న రాత్రి ఎన్నిసార్లు వేసినా నాకు దొరకలేదు. కళ్ళు మరీ పాడయ్యాయేమో. మీరు చూసి ఉందో లేదో చెప్పండి.”

ఇన్‌స్పెక్టర్ ఆ ఫోన్ చూసి, “ఇది నా మోడలే” అని గొణిగి దగ్గరికొచ్చాడు. పార్ట్ పెట్టాను. రెండు తలలు, రెండంగుళాల తెర. పేర్లు పైకి పాకుతున్నాయి. లైట్లవాళ్ళు, వంటవాళ్ళు, డ్రైవర్లు. అందరికంటే చివర ‘ఎడిటింగ్ సహాయకులు’ అని వచ్చింది. బొమ్మ బిగుసుకుపోయింది.

చివరి పది సెకన్లు. అవి తరవాతి పార్ట్ మొదట్లో ఉంటాయి. పదకొండు తరవాత పార్ట్ లేదు. ఏ సినిమాకైనా ఆఖరి పార్ట్ చివర ఉండేది పేర్లే కదా అని గువ్వ పెట్టినవాడు ఏనాడూ పట్టించుకోలేదు, దుప్పటి కింద చూసిన మేమూ పట్టించుకోలేదు. ఇన్‌స్పెక్టర్ నా మొహంలోకి చూశాడు. అతనికీ అర్థమైంది. 

“ఉందా సార్?” అని అడిగాడు కార్డన్న.

“ఉంది” అన్నాను.

“తప్పుల్లేకుండా?”

“తప్పుల్లేకుండా. స్పష్టంగా ఉంది.”

“హమ్మయ్య. అయితే లోపల వాడు కనపడితే నిజంగా చూశానని చెప్తా” అన్నాడు. సంకెళ్ళ కోసం రెండు చేతులూ ముందుకి చాపాడు. ఎవరూ లేని వైపు చాపాడు. ఇన్‌స్పెక్టరే రెండడుగులు జరిగి ఆ చేతుల ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.